గమ్హార్ చెక్క టరెట్

ఫ్రాన్సు వాళ్ళు తయారుచేసి, సైన్యంలో చేర్చుకోకుండా పక్కన పెట్టేసిన యుద్ధట్యాంకు టరెట్, అంటే గొట్టం ఉండే తలకాయ, ఒకటి బారిడీహ్‌లో మా భోజనాల బల్ల మీద చాలా రోజులు కూర్చుంది. గమ్హార్ అని ఇక్కడ దొరికే మెత్తటి చెక్కతో నేనే చెక్కాను. బల్ల మీద చోటు చాలక మా ఆవిడ వరహాలమ్మ ఓ పూట దాని నెత్తిన పప్పుగిన్నె పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ మరక పడకుండా గిన్నె కింద కాగితం వేసి మరీ పెట్టింది కాబట్టి ఏమీ అనలేకపోయాను.

నా పేరు ఆదిబాబు. విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ఊళ్ళకి వచ్చి, ఆదిత్యపూర్‌లో ఉక్కు పోత పోసే ఒక ఫౌండ్రీలో ముప్ఫై ఎనిమిదేళ్ళు పేటర్న్ మేకర్‌గా చేసి రిటైరయ్యాను. ఉక్కుతో ఏ వస్తువు పోత పోయాలన్నా ముందు దాని ఆకారం చెక్కతో చెయ్యాలి. అదే పేటర్న్. దాన్ని ఇసకలో పెట్టి, చుట్టూ ఇసక గట్టిగా దట్టించి, చెక్కని బయటికి తీస్తే గుంట మిగులుతుంది. ఆ గుంటలో కరిగిన ఉక్కు పోస్తారు. చెక్క తప్పితే ఉక్కు తప్పుతుంది. నా చెక్క తప్పిందని ఎవడైనా నా బల్ల దగ్గరికి వస్తే, "నీ ఇసక నువ్వు సూసుకో, నా సెక్క జోలికి రాకు" అని తరిమేసేవాణ్ణి. అలా అని అని, నా వల్ల తప్పు జరగదని నేనే నమ్మేశాను. ఇంట్లో వాళ్ళని కూడా నమ్మించాను. గొడవంతా అక్కడే వచ్చింది.

మా అమ్మాయి ఉజ్వల ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేస్తుంది. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ, ట్యాంకులతో యుద్ధం చేసుకునే ఆన్‌లైన్ ఆట ఒకదానికి బొమ్మలు తయారుచేసి ఇస్తుంది. రెండేళ్ళపాటు మా పిల్లకి చక్రాలు, గొలుసులు, పనిముట్ల పెట్టెలు, ఇలాంటి చిల్లర పనే ఇచ్చారు. ఈసారి మొదటిసారిగా ఒక ట్యాంకు మొత్తం తనకే అప్పగించారు. పేరు ఏఎంఎక్స్-50. పెద్ద యుద్ధం అయిపోయాక, జర్మనీ ట్యాంకుల దెబ్బ ఇంకా మరిచిపోని ఫ్రాన్సు వాళ్ళు మాకూ ఓ భారీ ట్యాంకు కావాలని మొదలుపెట్టారట. పదేళ్ళు కిందామీదా పడి కొన్ని నమూనాలు చేశారు. బరువు పెరిగిపోయింది, ఖర్చు పెరిగిపోయింది, ఆ లోపల అమెరికా వాళ్ళ ట్యాంకులు వచ్చాయి. ఇక చాల్లే అని ఆపేశారు. నిజం యుద్ధంలో ఒక్క గుండు కూడా పేల్చని ఆ ట్యాంకుని ఇప్పుడు ప్రపంచం నలుమూలలా జనం కంప్యూటర్ల ముందు కూర్చుని నడుపుతున్నారు. ఇదేం సరదానో నాకు అర్థం కాదు గానీ, దాని ఫోటో చూడగానే నా చూపు అక్కడే ఆగిపోయింది.

"ఏటే ఇది, తల రెండు ముక్కలుగా ఉంది?" అని అడిగాను.

"అదే కదా నాన్నా దీని స్పెషల్," అంది ఉజ్వల. "మిగతా ట్యాంకుల్లో గొట్టం ఒక్కటే పైకీ కిందకీ కదులుతాది. ఇందులో గొట్టం టరెట్‌కి ఫిక్స్. గురి సూడాలంటే టరెట్ పై సగం పూరా ఊగుతాది. కింద సగం దాన్ని రెండు పక్కలా పట్టుకుని గుండ్రంగా తిరుగుతాది, బస్."

ఉయ్యాల తొట్టి, దాన్ని మోసే చట్రం. అంతే. చట్రాన్ని, కింది బండిని ఆ పిల్ల కంపెనీ పంపిన కాగితాల్లో ఉన్న కొలతల ప్రకారం కంప్యూటర్లో చక్కగా గీసేసింది. పై సగం దగ్గరే చిక్కు వచ్చింది. బుగ్గలు ఒకచోట ఉబ్బి, ఒకచోట లోపలికి పోయి, ముక్కు దగ్గర సన్నబడే ఆ వంపు ఎన్ని ఫోటోలు చూసినా పట్టుబడలేదు. నాలుగు రోజులు గీసింది, చెరిపింది. నేను వెనకాల నిలబడి చూసి చూసి ఉండబట్టలేక నోరు తెరిచాను.

"ఇది ప్లేట్ వంచి సేసింది కాదే. పోత పోసింది. ఇలాంటివి నాను ఎన్ని సేసేనో. కొలతలు ఇయ్యి, సెక్కతో సేసి సేతిలో ఎడతాను."

"మీకు కష్టం నాన్నా, రహనే దీజియే, వదిలెయ్యండి. కన్ను ఆపరేషన్ అయి ఏడాది కూడా కాలేదు."

ఆ మాట అనకుండా ఉంటే నేను ఊరుకునేవాణ్ణేమో. అనేసింది కాబట్టి మర్నాడే వెళ్ళి చెక్క తెచ్చాను.

పదింట ఒక వంతు సైజులో పన్నెండు రోజులు చెక్కాను. రిటైరయ్యాక అంత సుఖంగా గడిచిన పన్నెండు రోజులు నాకు లేవు. టీ గ్లాసు పట్టుకుంటే కాస్త వణికే చెయ్యి ఉలి పట్టుకుంటే వణకలేదు. అయిపోయాక ఉజ్వల దాన్ని డాబా మీద స్టూలు మీద పెట్టింది. ఎండ నేరుగా పడకుండా వరహాలమ్మ గొడుగు పట్టుకుని నిలబడితే, పిల్ల చుట్టూ తిరుగుతూ మొబైల్‌తో రెండు మూడు వందల ఫోటోలు తీసింది. పక్క డాబా వాళ్ళు ఏ దేవుడని అడిగారు. సైజు తెలియడానికి పక్కన తన చదువుకునే రోజుల నాటి ప్లాస్టిక్ స్కేలు పెట్టింది. ఆ ఫోటోలన్నీ కలిపితే కంప్యూటర్లో నా టరెట్ అచ్చం అలాగే లేచి కూర్చుంది. ఉలి గీత ఒకటి మిగిలిపోయిన చోటు కూడా కనిపించింది.

అలా అంతా కలిపి పంపిన నాలుగో రోజున ట్యాంకు బొమ్మ హైదరాబాద్ నుంచి తిరిగి వచ్చింది, ఒళ్ళంతా ఎర్ర గుర్తులతో. గొట్టం పైకెత్తినా కిందికి దించినా పై సగం బుగ్గలు చట్రంలోకి దూరిపోతున్నాయి. ఉక్కులోంచి ఉక్కు గాలిలా వెళ్ళిపోతోంది. ఆ ఆట ఆడేవాళ్ళలో ఒక బోల్టు తక్కువైనా పట్టుకుని పదిమందికీ చెప్పే చాదస్తులు ఉంటారట. ఇలాంటిది వాళ్ళ కళ్ళపడితే ఇంకేమన్నా ఉందా?

ఉజ్వల చట్రాన్ని పెద్దది చేసింది. అప్పుడు చట్రం కింద తిరిగే చక్రం బండిలో పట్టలేదు. బండిని వెడల్పు చేసింది. మళ్ళీ పంపితే, ఇప్పుడు ట్యాంకు మొత్తం కాగితాల్లో ఉన్నదానికంటే వెడల్పుగా ఉందని మళ్ళీ వెనక్కి వచ్చింది. వాళ్ళ టీం పెద్ద బిందుప్రియ అనే అమ్మాయి ఫోన్‌లో మర్యాదగానే చెప్పింది. "వచ్చే వారం శనివారం దాకా చూద్దాం ఉజ్వలా. అప్పటికీ సరిపడకపోతే దీన్ని ఇంకొకరికి ఇచ్చేస్తాను. నువ్వు మళ్ళీ కొన్నాళ్ళు చక్రాల మీద ఉండు."

ఆ రోజు నుంచి పిల్ల అన్నం దగ్గర మాట్లాడటం మానేసింది. తొమ్మిది రోజులు గీసిందే గీసింది. చెక్క మీద మాత్రం ఒక్కసారి కూడా అనుమానపడలేదు. నాకు అనుమానం వచ్చింది. బయటికి చెప్పలేదంతే. కన్ను ఆపరేషన్ అయింది, చెయ్యి వణుకుతోంది, నాలుగేళ్ళుగా పని లేదు. తప్పు నాదైతే?

గురువారం మధ్యాహ్నం ఉజ్వల సీతారాండేరాలో స్నేహితురాలి దగ్గరికి, ఇంకో జత కళ్ళకి చూపిద్దామని లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళింది. వరహాలమ్మ పడుకుంది. నేను బల్ల దగ్గర కూర్చుని, నా స్టీలు స్కేలు తీసి చెక్కని ప్రతి చోటా కొలిచాను. కాగితంలో రెండు వందల యాభై మిల్లీమీటర్లు ఉన్నచోట రెండు వందల యాభై. వంద ఉన్నచోట వంద. పద్దెనిమిది చోట్ల చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

నా ప్రాణం లేచొచ్చింది. చెయ్యి పోలేదు, కన్ను పోలేదు. సాయంత్రం పిల్ల గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఎదురెళ్ళాను.

"సెక్క కొలిసేను. రైటుగా ఉంది. తప్పు నీ గీతలోనే ఉంది, ఎతుక్కో."

ఎంత గొప్పగా చెప్పానో ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. ఆ పిల్ల మొహం పాలిపోయింది. "మాలూమ్ హై నాన్నా, తెలుసు," అంది మెల్లిగా. "మీ చెక్క తప్పదు. నాకే ఈ పని రాదేమో. రెండేళ్ళు చక్రాలు ఎందుకిచ్చారో ఇప్పుడు అర్థమవుతోంది." లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

వరహాలమ్మ వంటింట్లోంచి వచ్చి నా వంక చూసింది. "పిల్ల ఏడుత్తంది. మీకు మాత్రం మొకం ఎలిగిపోతంది ఏటండి?" అంది.

శుక్రవారం పొద్దున్న ఉజ్వల స్నానానికి వెళ్ళినప్పుడు, ఆ గీతలో తప్పు ఎక్కడుందో నేనే పట్టి ఇద్దామని కూర్చున్నాను. నా స్కేలు లోపలి గదిలో ఉండిపోయింది. లేవడానికి బద్ధకించి, పుస్తకాల మధ్యలోంచి తొంగిచూస్తున్న పిల్ల ప్లాస్టిక్ స్కేలు లాగి చెక్క మీద పెట్టాను. రెండు వందల యాభై ఉండవలసినచోట రెండు వందల యాభై అయిదు వచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టాను. రెండు వందల యాభై అయిదే. వంద ఉండాల్సినచోట నూట రెండు. యాభై ఉన్నచోట యాభై ఒకటి. అయిపోయింది, నా చెయ్యి పోయింది అనుకున్నాను.

కానీ పాత పనితనం అంత తొందరగా ఓడిపోదు. ముసలి చెయ్యి తప్పితే ఒకచోట ఎక్కువ తీస్తుంది, ఒకచోట తక్కువ తీస్తుంది. వందకి రెండు చొప్పున అన్ని చోట్లా సమానంగా తప్పడం ఏ చేతికీ సాధ్యం కాదు. వందకి రెండు! లేచి లోపలికి పరుగెత్తాను. నా స్టీలు స్కేలు తెచ్చి ప్లాస్టిక్ స్కేలు పక్కన పెట్టాను. దాని మూడు వందల గీత దగ్గర నాది రెండు వందల తొంభై నాలుగు చూపించింది.

ఇది తెలియాలంటే ఉక్కు సంగతి ఒకటి తెలియాలి. కరిగిన ఉక్కు చల్లారి గట్టిపడేటప్పుడు వందకి రెండు వంతులు కుంచించుకుపోతుంది. అందుకని మేం చెక్కని ముందే ఆ మేరకు పెద్దగా చేస్తాం. ప్రతి కొలతకీ లెక్క వేసుకుంటూ కూర్చుంటే పని సాగదు. అందుకే మాకు కాంట్రాక్షన్ స్కేలు అని వేరే స్కేలు ఉంటుంది. చూడటానికి మామూలు స్కేలులాగే ఉంటుంది, కానీ దాని గీతలే ఆ కాస్త ఎడంగా కొట్టి ఉంటాయి. ముప్ఫై ఎనిమిదేళ్ళు దానితో తప్ప కొలవలేదు. రిటైరైన రోజున జేబులో అదే ఉంది. ఇంటికి అదే వచ్చింది. ఫోటో చూసి "పోత" అని నోటితో అన్నానా, చెయ్యి వెళ్ళి ఆ స్కేలునే పట్టుకుంది. నేను ఆటకి బొమ్మ చెయ్యలేదు. ఉక్కు పొయ్యడానికి పేటర్న్ చేశాను. పైగా తప్పు వచ్చిందేమోనని అదే స్కేలుతో కొలిచి చూసుకుని మురిసిపోయాను.

ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. నిన్న సాయంత్రం గుమ్మంలో నేనన్న మాట గుర్తొచ్చింది.

ఉజ్వల తల తుడుచుకుంటూ వచ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. వచ్చిన మాట మాత్రం వేరు.

"పై సగం మొత్తం వందకి రెండు సొప్పున తగ్గించి సూడే. బండినీ సట్రాన్నీ నీ పాత కొలతల్లోకి తెచ్చీ."

"ఎందుకు?"

"సూడమన్నాను కదేటి."

కూర్చుంది. పాత ఫైలు తెరిచింది. నాలుగు మీటలు నొక్కింది. టరెట్ కాస్త ముడుచుకుని చట్రంలోకి దిగింది. గొట్టం పైకెత్తింది, దించింది. మళ్ళీ ఎత్తింది. బుగ్గలకీ చట్రానికీ మధ్య సన్నటి సందు, రెండు పక్కలా సమానంగా, ఎక్కడా తగలకుండా. ఉజ్వల ఊపిరి బిగబట్టి ఇరవైసార్లు ఆడించింది. తర్వాత కుర్చీలోనే వెనక్కి వాలి "హో గయా, సరిపోయిందమ్మా!" అని కేకపెట్టింది. వరహాలమ్మ చేతిలో పిండితో పరుగెత్తుకొచ్చింది.

అక్కడితో ఆపేస్తే ఆగిపోయేది. ట్యాంకు సరిపోయింది, పిల్ల నవ్వింది, నా పరువు నా దగ్గరే ఉంది. నేను వెళ్ళి పేపరు తెరిచాను కూడా. అంతలో ఉజ్వల బిందుప్రియకి ఉత్తరం టైపు చేస్తూ పైకి చదువుతోంది: కొలతలు తీసుకోవడంలో నా వల్ల పొరపాటు జరిగింది, నాకు అనుభవం తక్కువ, క్షమించండి, ఇకమీదట నా లెక్కలు వేరొకరితో సరిచూపించుకుంటాను.

పేపర్లో అక్షరాలు అలుక్కుపోయాయి. ముప్ఫై ఎనిమిదేళ్ళలో నా బల్ల దగ్గరి నుంచి తల దించుకుని వెళ్ళినవాళ్ళు ఎందరో ఉన్నారు. అందులో ఎందరి ఇసక నిజంగా తప్పో దేవుడికి తెలియాలి. కానీ ఇది నా కూతురు.

"అది రాయకే," అన్నాను.

"క్యూఁ?"

"తప్పు నాది."

ఉజ్వల చేతులు మీటల మీద ఆగిపోయాయి. వరహాలమ్మ వినపడనట్టు "ఏటి?" అంది. స్కేళ్ళు రెండూ తెచ్చి బల్ల మీద పక్కపక్కనే పెట్టి, ఉక్కు కుంచించుకోవడం నుంచి నిన్న గుమ్మంలో నేను కూసిన కూత దాకా అన్నీ వరసగా చెప్పాను. చెబుతున్నంతసేపూ పిల్ల మొహంలోకి చూడలేదు. చెక్క వంకే చూస్తూ చెప్పాను.

ఉజ్వల రెండు స్కేళ్ళ గీతలూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. తర్వాత ఉజ్వల అడిగింది.

"అయితే నా గీత సహీ థా?"

"మొదటి రోజు నుంచీ సరిగ్గానే ఉంది. నువ్వు పాడుసేసింది నా సెక్కని నమ్మడం వల్ల."

ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నేను కంగారుపడి లేవబోయాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఏడుస్తూనే నవ్వుతోంది. "తొమ్మిది రోజులు నాన్నా," అంది. "తొమ్మిది రోజుల నుంచి నాకీ పని రాదనే అనుకుంటున్నాను. రేపు వాళ్ళు తీసేసే ముందే నేనే మానేస్తానని చెబుదామని నిన్న సీతారాండేరాలో డిసైడ్ చేసేసుకున్నాను." గండం అంత దగ్గరికి వచ్చి తప్పిపోయిందన్నమాట.

ఆ ఉత్తరం చెరిపేసి, జరిగింది జరిగినట్టు రాసింది. మధ్యాహ్నం మేం భోంచేస్తుండగా బిందుప్రియ ఫోన్ చేసింది. ఉజ్వల స్పీకర్ పెట్టింది.

"ట్యాంకు పాసైంది ఉజ్వలా. ఎక్కడా తగల్లేదు. నీ బండి, నీ చట్రం మొదటిసారి పంపినవే చాలా బాగున్నాయి, నేను కూడా అనవసరంగా నిన్ను అనుమానించాను." తర్వాత ఆ అమ్మాయి గట్టిగా నవ్వింది. "ఇన్నేళ్ళ నుంచి ఎందరో టరెట్లు పంపారు. నేరుగా ఉక్కు పోసేసుకోవడానికి సిద్ధంగా వచ్చింది మాత్రం మీ నాన్నగారిదే. ఫ్రాన్సు వాళ్ళకి మళ్ళీ ట్యాంకు కావాలంటే బారిడీహ్ అడ్రసు ఇస్తానని చెప్పు."

"ఇయ్యమను," అంది వరహాలమ్మ నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేస్తూ.

భోజనం కాగానే పిల్ల ఫోన్లు మొదలుపెట్టింది. ముందు సీతారాండేరా స్నేహితురాలికి. "అరే సున్, గల్తీ మేరీ నహీఁ థీ, పాపా కీ థీ!" తర్వాత విజయనగరంలో మేనమామకి. "తప్పు నాది కాదు మావయ్యా, నాన్నది!" తర్వాత తనతో చదువుకున్నవాళ్ళకి, వాళ్ళ అమ్మలకి. గుమ్మంలో నిలబడి, అరుగు మీద కూర్చుని, డాబా మెట్లు ఎక్కుతూ అదే మాట. ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నంత సంబరంగా చెప్పింది. వీధిలో వెళ్ళేవాళ్ళు కూడా వినే ఉంటారు.

నన్నెరిగినవాళ్ళు ఎవరైనా ఆ రోజు నన్ను చూసి ఉంటే నమ్మేవారు కాదు. నా తప్పుని ఊరంతా చాటుతుంటే నేను అరుగు మీద చల్లగాలికి కూర్చుని వింటున్నాను. విన్న కొద్దీ ఒళ్ళు తేలికవుతోంది. పది పన్నెండు ఫోన్లయ్యాక పిల్ల ఆగింది.

"ఏటే, ఆపేసేవు?" అన్నాను. "కద్మాలో మీ త్రివేణి అత్తకి సెప్పలేదు. దానికి సెయ్యి. గట్టిగా సెప్పు, దానికి సెవుడు."